గుండుకి అంటిన బురద

సోమలింగానికి కోపం వచ్చింది. చదువుకున్నవాడు కాబట్టి ఆ కోపాన్ని మూడు రోజులు మడతపెట్టి దాచుకున్నాడు. నాలుగో రోజు పొద్దున గుండు కడుగుతూ కడుగుతూ, దాన్ని తీసి ఇసుకలోకి విసిరికొట్టాడు.

గుండు అంటే అరచేతిలో పట్టేంత సీసపు ముద్ద. పైన కన్నం, కన్నానికి పొడుగాటి తాడు, అడుగున చిన్న గుంట. ఆ గుంటలో మైనం మెత్తి సముద్రంలోకి వదిలితే, అడుగుకి తగిలినచోట ఏముందో అది మైనానికి అంటుకుని పైకొస్తుంది. దాన్ని చూసి వల ఎక్కడ వెయ్యాలో చెబుతాడు కొర్లయ్య.

కొర్లయ్య ఆ రేవుకి పెద్ద, వయసు డెబ్భై దాటింది. అక్షరమ్ముక్క రాదు. అయినా తత్వం తెలిసినవాడని ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి ఆయన పాక ముందు కూర్చునేవాళ్ళు. వచ్చినవాళ్ళకి చేపల పులుసు పుష్కలంగా దొరికేది. మాటలు మాత్రం తక్కువే.

సోమలింగం బొబ్బిలి వైపువాడు. మూడేళ్ళ కిందట తలనిండా శ్లోకాలతో ఈ రేవుకొచ్చాడు. దేనికైనా ఆయన దగ్గర ఒక శ్లోకం ఉండేది. తుమ్మినా ఉండేది. ఉపదేశం ఇమ్మని కాళ్ళ మీద పడితే కొర్లయ్య లేవదీసి గుండు చేతిలో పెట్టాడు.

"రోజూ దీన్ని కడిగి పెట్టు బాబూ" అన్నాడు.

అంతే. మూడేళ్ళు సోమలింగం చేసిన పని అదొక్కటే. పడవ ఒడ్డుకి రాగానే గుండు తీసుకోవడం, కొబ్బరి ఈనెతో గుంటలోని బురద గీకి పారెయ్యడం, కడగడం, కొత్త మైనం మెత్తడం. ముక్కు పక్కకి తిప్పుకుని చేసేవాడు. నోటితో మాత్రం శ్లోకం నడుస్తూనే ఉండేది.

ఆయనకి ముందు ఆ పని నూకాలుది. ఎండుచేపలు అమ్ముకునే ముసలమ్మ. ఏడాది తిరక్కుండానే ఆవిడకి ఉపదేశం అయిపోయిందట. ఆ సంగతి సోమలింగం చెవిన పడింది మూడు రోజుల కిందటే. సరిగ్గా అదే రోజు పట్నంలోని ఒక మఠం నుంచి జట్కాలో మనిషి వచ్చాడు. మఠానికి కొత్త స్వామి కావాలి. చదువున్నవాడు, గొంతున్నవాడు, నలుగురిలో ఎత్తు మీద కూర్చుని నెగ్గుకొచ్చేవాడు. శుక్రవారం సాయంత్రం జట్కా మళ్ళీ వస్తుంది. సోమలింగం వస్తానంటే ఎక్కించుకుపోతుంది, లేదంటే వాళ్ళు ఇంకొకర్ని చూసుకుంటారు.

విసిరికొట్టిన గుండు వెనక ఇంత కథ ఉంది.

కొర్లయ్య వల బాగుచేసుకుంటున్నాడు. లేచి వెళ్ళి గుండు తెచ్చుకున్నాడు. ఇసుక దులిపి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఎల్లిపోతావేటి బాబూ?"

"మీరే చెప్పండి గురువుగారూ. నూకాలమ్మకి ఏడాదిలో ఉపదేశం ఇచ్చారు. నాకు మూడేళ్ళయినా లేదు. నాలో ఏం తక్కువైంది? శుక్రవారంలోగా ఇచ్చారా, బతికినంతకాలం మీ కాళ్ళ దగ్గర పడుంటాను. లేదంటారా, సెలవిప్పించండి."

పీఠం మీద ఆశ ఎంతుందో, ఆ ముసలాయన్ని వదిలి వెళ్ళాలంటే దిగులూ అంతే ఉంది. రెండూ నిజమే.

కొర్లయ్య కాసేపు గుండుని తిప్పి తిప్పి చూశాడు.

"రేపు నాతో పడవలోకి రా. అడుగున ఏటున్నాదో సూసి సెప్పు. సెబితే ఉపదేశం ఇచ్చెత్తాను."

సోమలింగానికి నవ్వొచ్చింది. సముద్రం అడుగున ఏముంటుంది? వెయ్యి రోజులుగా తను గీకి పారేస్తున్నదే.

మర్నాడు తెల్లవారుతుండగా పడవ దింపారు. ముందు పడవలో గురువూ శిష్యుడూ. వెనకాల రేవులోని ఎనిమిది పడవలూ. ఆ రేవులో ఒక ఆచారముంది. గుండుకి వచ్చిన బురదని కొర్లయ్య కళ్ళకద్దుకునేదాకా ఎవరూ వల తడపరు.

పన్నెండు బారల లోతులో సోమలింగం గుండు వదిలాడు. అడుగు తగిలింది. లాగాడు.

"ఏటున్నాది?"

"బురద గురువుగారూ. నల్ల బురద."

కొర్లయ్య వాసన చూశాడు. కుళ్ళిన గుడ్డు కంపు. "సచ్చిన నేల. పోనీ" అన్నాడు.

ఇంకొంత దూరం పోయాక మళ్ళీ వేశారు.

"ఏటున్నాది?"

"ఇసుక."

కొర్లయ్య గరుకుగా ఉన్న ఆ ఇసుకని వేళ్ళ మధ్య నలిపి చూశాడు. "ఇల్లు కట్టలేదు ఎవులూ. పోనీ."

ఎవరు ఇల్లు కట్టాలో సోమలింగానికి అర్థం కాలేదు. అడగనూ లేదు. మూడోసారి వేశాడు.

"మళ్ళీ బురదే" అన్నాడు విసుగ్గా.

కొర్లయ్య గుండు అందుకున్నాడు. బూడిదరంగు బురద. మెత్తగా ఉంది. దానిలోంచి దారప్పోగులంత సన్నటి గొట్టాల ముక్కలు నాలుగైదు పైకి లేచి ఉన్నాయి. ముసలాయన వాసన పీల్చాడు. చిటికెడు తీసి నాలిక మీద వేసుకున్నాడు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ బురదని కుడికంటికీ ఎడమకంటికీ అద్దుకుని దణ్ణం పెట్టాడు.

వెనక పడవల్లోంచి ఒక్కసారిగా కేక లేచింది. ఎనిమిది వలలు నీళ్ళలో పడ్డాయి.

సోమలింగం మొహం తిప్పుకున్నాడు. బురద నాకే గురువు దగ్గరా నేను మూడేళ్ళున్నది, అనుకున్నాడు. అంత మాట అనుకున్నందుకు తర్వాత చాలా బాధపడ్డాడు గానీ, అనుకున్న మాట నిజం.

వల లాగితే గులివిందలు వచ్చాయి. ఎర్రగా, బంగారు చారతో, ఇంతింత పొడుగు. గులివిందకి గడ్డం కింద రెండు మీసాలుంటాయి. సముద్రం అడుగున చీకట్లో ఆ మీసాలతో బురదని తడుముకుంటూ పోతుంది. మనవాళ్ళు వడ్లల్లో రాళ్ళు ఏరినంత ఓపిగ్గా తడుముతుంది. వాటితో పాటు నేలకి అతుక్కుని బతికే టేకు చేపలు రెండు, రెండు కళ్ళూ ఒకే పక్కనున్న నాలుక చేపలు పది వచ్చాయి. అన్నీ అడుగున తిరిగేవే.

కొర్లయ్య ఒక గులివిందని తీసి కత్తితో పొట్ట చీల్చాడు. లోపల కుక్కి పెట్టినట్టు పురుగులు. సన్నవి, లావువి, ఎర్రవి, తెల్లవి. కొన్నింటికి రెండు పక్కలా వరసగా కాళ్ళలాంటి కుచ్చులు.

"మన రేవు అన్నం" అన్నాడు.

చేపని గంపలో పడేసి, వల అంచుకి చిక్కుకున్న మట్టిపెళ్ళ ఒకదాన్ని జాగ్రత్తగా విడదీశాడు. దానిలో చిటికెన వేలంత గొట్టం ఒకటి నిలబడి ఉంది. బురదనీ జిగురునీ కలిపి ఎవరో ఓపిగ్గా కట్టినట్టుంది. ఇత్తడి గిన్నెలో సముద్రం నీళ్ళు ముంచి, పెళ్ళతో సహా దాన్ని అందులో పెట్టి శిష్యుడికిచ్చాడు.

"ఇందులో ఏటున్నాదో సూసి సెప్పు. రేపు సాయంత్రం దాకా టయిముంది గదా."

సోమలింగం గిన్నె తెచ్చి పాక అరుగు మీద పెట్టుకున్నాడు. పద్మాసనం వేశాడు. ధ్యానంలో ఆయనకి మంచి పేరుంది, మూడు గంటలు కదలకుండా కూర్చోగలడు. కానీ అదంతా కళ్ళు మూసుకుని. కళ్ళు తెరిచి ఒక గొట్టాన్ని చూస్తూ కూర్చోవడం ఎంత కష్టమో ఆయనకి తెలీదు.

గొట్టం గొట్టంలాగే ఉంది. చివర చిన్న కన్నం. వంగి కన్నంలోకి చూశాడు, చీకటి. ఇంకొంచెం వంగాడు. ఏమీ లేదు. ఒక శ్లోకం చదివాడు. గొట్టం వినలేదు.

మధ్యాహ్నం నూకాలు ఎండుచేపల తట్టతో అటుగా వచ్చింది. తట్ట దింపి, ఎండకి అవతలి వైపు, గిన్నెకి దూరంగా గొంతుకూర్చుంది. కదలకుండా గిన్నెలోకి చూసింది.

"అమ్మ నా తల్లే" అంది చివరికి. "ఎంత బాగుందో సూడు."

సోమలింగం చటుక్కున ముందుకి వంగాడు. గొట్టం. కన్నం.

"ఏముందమ్మా? నాకేం కనబడదే!"

"ఇప్పుడే పువ్వులాగ ఇచ్చుకుంది బాబూ. నువ్వు ఒంగినావు గదా, లోపలికి ఎల్లిపోయింది."

"నేనేం చేశాను?"

"నువ్వేటీ సెయ్యలేదు. నీ నీడ పడింది." నూకాలు తట్ట నెత్తికెత్తుకుంది. "సేప మీదకొచ్చిందని బయపడతాది, పాపం. ముందు నీళ్ళు మార్చు. కాగిపోనాయి. సచ్చిపోద్ది."

సోమలింగానికి ఒళ్ళు మండింది. సిద్ధాంతాలు చదివిన తనకి కనబడనిది ఎండుచేపల నూకాలుకి ఒక్క చూపులో కనబడింది. ఆ మంటలోనే గిన్నెలో వేలు పెట్టి చూశాడు. నూకాలు అన్నమాట నిజం. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి.

చచ్చిపోతే గురువుకి ఏం చెప్పాలి? చెంబు తీసుకుని పరుగెత్తాడు. అలలోకి మోకాళ్ళ దాకా దిగి చల్లటి నీళ్ళు తెచ్చి, పాతవి వంపి కొత్తవి పోశాడు. గంట తిరిగేసరికి మళ్ళీ వెచ్చబడ్డాయి. మళ్ళీ పరుగెత్తాడు. ఎండ తగలకుండా పక్కన తాటాకు నిలబెట్టాడు. తాటాకు గాలికి ఊగితే దాని నీడ కూడా ఊగుతోందని గమనించి, రాయి పెట్టి ఊగకుండా చేశాడు. మొదటి నాలుగు చెంబులు తిట్టుకుంటూ తెచ్చాడు. అయిదో చెంబు నుంచి తిట్టుకోవడం మర్చిపోయాడు. ఆ రాత్రి కూడా రెండుసార్లు లేచి నీళ్ళు మార్చాడు.

శుక్రవారం మధ్యాహ్నానికి ఎన్ని చెంబులయ్యాయో ఆయనకే తెలీదు. పంచె అంచు తడిసి ఉప్పు కట్టింది. కాళ్ళు లాగుతున్నాయి. ఆఖరి చెంబు మెల్లగా, గిన్నె అంచు వెంట పోసి, అరుగు కింద నేల మీద కూలబడ్డాడు. తల అరుగు చెక్కకి ఆనించాడు. కళ్ళు గిన్నె అంచుకి రవ్వంత పైకి వచ్చాయి. చూడాలని కూర్చోలేదు. అలిసిపోయి కూర్చున్నాడు.

గొట్టం కొసన ఏదో కదిలింది.

ముందు ఎర్రటి మొన ఒకటి. తర్వాత నాలుగు. తర్వాత లెక్కలేనన్ని. నెమలి ఈకల్లాంటి సన్నటి ఈకలు చుట్టూ గుండ్రంగా తెరుచుకున్నాయి. ఒక్కొక్క ఈకకీ తెలుపూ ఎరుపూ చారలు. ఎంత పల్చగా ఉన్నాయంటే వాటి గుండా గిన్నె అవతలి పక్క కనబడుతోంది. నీళ్ళలో తేలే నలుసులు ఆ ఈకల మీద వాలుతున్నాయి. వాలినవి వాలినట్టు మెల్లగా నడుచుకుంటూ మధ్యకి చేరుతున్నాయి. ఏది తినాలో, ఏది ఇంటి గోడకి అంటించుకోవాలో తేల్చుకుంటోంది కళ్ళూ కాళ్ళూ కనబడని ఆ ప్రాణి.

బురదలో ఉండే పురుగు. పన్నెండు బారల లోతున, ఎవరూ చూడనిచోట, ఇంత అందంగా ఎందుకుండాలి? నాకూ తెలీదు. సోమలింగానికీ తెలీలేదు. ఊపిరి గిన్నెలోని నీళ్ళని తాకుతుందేమోనని చేత్తో ముక్కు మూసుకున్నాడు.

అప్పుడు కొబ్బరి ఈనె గుర్తొచ్చింది. వెయ్యి పొద్దులు. గీకి గీకి పారేసిన బురద. అందులో ఎన్ని ఇళ్ళున్నాయో ఒక్కనాడూ చూడలేదు. చూడమనే కదా ఆయన రోజూ చేతిలో పెట్టింది. సోమలింగానికి ఏడుపు ముంచుకొచ్చింది. భుజాలు కదిలితే నీడ కదులుతుందని, కదలకుండా ఏడ్చాడు.

కొర్లయ్య ఎప్పుడొచ్చాడో, నూకాలు కూర్చున్న చోటే కూర్చున్నాడు.

"ఏటున్నాది?" అన్నాడు మెల్లగా.

సోమలింగం నోరు తెరిచాడు. ఒక్క శ్లోకమూ రాలేదు. ఇద్దరూ చెరో వైపు నుంచి చూస్తూ కూర్చున్నారు.

ఎండ వాలాక శిష్యుడే అన్నాడు. "గురువుగారూ, దీన్ని ఇంటి దగ్గర దింపొద్దాం."

పడవని నీళ్ళలోకి తోస్తుండగా జట్కా వచ్చింది. మఠం మనిషి దిగి, శాలువా చేత్తో పట్టుకుని, ఇసుకలో కాళ్ళు దిగబడుతూ పరుగెత్తుకొచ్చాడు.

"స్వామీ, ఏమని చెప్పమంటారు? పెద్దలంతా ఎదురుచూస్తున్నారు!"

సోమలింగం రెండు చేతులతో గిన్నె పట్టుకుని ఉన్నాడు. చొక్కా లేదు, మొహమంతా ఉప్పు.

"కాస్త ఆ పక్కకి జరగండి బాబూ, దీని మీద నీడ పడుతోంది" అన్నాడు మర్యాదగా. "ఒకర్ని దింపి రావాలి. ఆలస్యమవుతుంది. మీరు ఆగకండి."

ఎవర్ని దింపాలో ఆ మనిషికి బోధపడలేదు. పడవ దగ్గర ఇద్దరు తప్ప మూడోవాడు లేడు.

నిన్నటి చోటు దాపుకి వచ్చాక కొర్లయ్య తెడ్డు ఆపి ఊరికే కూర్చున్నాడు. సోమలింగమే గుండు తీసుకున్నాడు. వేశాడు, లాగాడు. వాసన చూశాడు.

"ఇక్కడ కాదు."

ఇంకొంచెం పోనిచ్చి మళ్ళీ వేశాడు. ఈసారి చిటికెడు బురద తీసి నాలిక మీద వేసుకున్నాడు. వేళ్ళ మధ్య సన్నటి గొట్టం ముక్క తగిలింది. కళ్ళు మూసుకుని ఆ బురదని రెండు కళ్ళకీ అద్దుకున్నాడు.

"ఇక్కడే."

కొర్లయ్య కొబ్బరి చిప్ప ఒకటి తీశాడు. అడుగున రాయి కట్టి, ఉట్టికి కట్టినట్టు మూడు తాళ్ళు కట్టాడు. సోమలింగం మట్టిపెళ్ళని అందులో నిలబెట్టాడు. నిలబెట్టాక వదలడానికి చెయ్యి రాలేదు.

"గురువుగారూ, ఇక్కడ గులివిందలున్నాయి కదా. తినేస్తాయేమో."

"తింటాయి."

"తెలిసి వదిలెయ్యమంటారా?"

"ఇక్కడ ఇది లేకపోతే అయ్యి లేవు. అయ్యి లేకపోతే మనం లేం." కొర్లయ్య నీళ్ళలోకి చూశాడు. "తింటాయని దీనికీ తెలుసు బాబూ. నీడ పడితే ముడుసుకుంటాది గదా. అయినా ఇచ్చుకోడం మానలేదు, సూడు."

సోమలింగం చిప్పని నీళ్ళలో ముంచి, జానెడు జానెడుగా తాడు వదిలాడు. ఒక బార. రెండు. అయిదు. పది. పడవ ఊగినప్పుడల్లా కొంచెం తాడు అదనంగా ఇచ్చి, కుదుపు కిందికి పోకుండా చూసుకున్నాడు. పన్నెండో బార దగ్గర బరువు తేలికైంది. చిప్ప నేల మీద కూర్చుంది.

పొద్దు గుంకుతోంది. దూరంగా ఒడ్డున జట్కా వెనక్కి తిరిగింది, రోడ్డెక్కింది. సోమలింగం అటు చూడలేదు. తాడు చివర రెండు వేళ్ళతో పట్టుకుని, వదులుగా, ప్రతి అలకీ కొంత ఇస్తూ కొంత తీసుకుంటూ కూర్చున్నాడు.

"దిగిపోయింది గదా. ఇంక తాడు వొదిలెయ్" అన్నాడు కొర్లయ్య.

"ఉండండి గురువుగారూ" అన్నాడు సోమలింగం గుసగుసగా. "ఇంకా విచ్చుకుని ఉండదు."

కొర్లయ్య తెడ్డు చప్పుడు కాకుండా లోపల పెట్టి, వచ్చి శిష్యుడి పక్కన కూర్చున్నాడు.